నాలుగు పాయింట్ల కొసరు

1993 డిసెంబరులో, అమలాపురంలో ఒక కాలేజీ గ్రౌండులో, ఇరవయ్యేళ్ల కుసుమ బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఇరవై మూడు పాయింట్లు కొట్టింది. మర్నాడు నోటీసు బోర్డు మీద అవి ఏడయ్యాయి.

ఎలా అయ్యాయో చెప్పడం తేలిక. బంతి బుట్టలో పడ్డప్పుడల్లా స్కోరు షీటులో ఆ పాయింట్ల పక్కన, వేసిన అమ్మాయి జెర్సీ నంబరు రాస్తారు. కుసుమ నంబరు 4. అదే జట్టులో ఆడిన యామిని నంబరు 14. నీలం సిరాతో రాసిన నాలుగుల్లో ఎనిమిదింటి ముందు నల్ల సిరాతో ఒక్కో నిలువు గీత వచ్చి చేరింది. ఎనిమిది గీతలు, పదహారు పాయింట్లు. ఆ షీటు చూసి యూనివర్సిటీ సెలక్షన్‌కి పన్నెండు పేర్లు పంపారు. అందులో యామిని ఉంది. కుసుమ లేదు.

టోర్నమెంటు కమిటీ కార్యదర్శి పేరు కామేశ్వరరావు. యామిని ఆయన మేనకోడలు. ఆ రోజు స్కోరు బల్ల దగ్గర నల్ల సిరా పెన్ను ఉన్నది ఆయన జేబులోనే.

కుసుమ వెళ్లి అడిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "చూడమ్మాయ్, షీటులో ఏముందో అదే జరిగింది" అన్నారట.

యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ లేదు గనక వ్యాయామ ఉపాధ్యాయుల ట్రైనింగులో ఆటల కోటా సీటు రాలేదు. రెండేళ్ల తరవాత ఆమె కొత్తపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆటల గదికి అటెండరుగా చేరింది. బంతులకి గాలి కొట్టడం, కోర్టుకి సున్నం గీతలు వెయ్యడం, మ్యాచ్‌లకి స్కోరు షీటు రాయడం పని. అక్కడి ఫిజికల్ డైరెక్టరు శ్రీరామచంద్రమూర్తిగారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మంచి మనిషి, కుర్చీలోంచి లేవరు. అంచేత ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పే పని కూడా కుసుమదే అయింది. జీతం మాత్రం గాలి కొట్టినందుకే.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. నేను 2000లో కొత్తపేట బస్టాండు పక్కన జెరాక్సు కొట్టు పెట్టాను. డిగ్రీ రెండుసార్లు తప్పి, శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు బీరువా వెంబడి బీరువా చదివి, కనిపించిన ప్రతివాడి మీదా కోపం పెంచుకుని ఉన్న రోజులవి. ప్రతి సోమవారం పొద్దున్న ఆమె ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం పట్టుకుని వచ్చేది. ఒకే ఒక్క పేజీ కాపీ తీయించుకునేది.

"ఆరు కాపీలండీ. అంకెలు బాగా పడాలి."

పేజీలో కోనసీమలోని తొమ్మిది కాలేజీల ఊర్ల పేర్లు పై నుంచి కిందికి ఉన్నాయి. ఒక్కో ఊరి ఎదురుగా ఒక అంకె, పక్కన దశాంశం.

"ఇదేంటండీ, లాటరీయా?" అన్నాను.

"ఆయ్, లాటరీ అయితే ఆదివారమంతా కూర్చుని నేను చెయ్యక్కర్లేదు కదండీ. ఆడపిల్లల బాస్కెట్‌బాల్. ఏ జట్టు ఎంత గట్టిదో వరస."

"గెలిచిన మ్యాచ్‌లు లెక్కపెడితే తెలిసిపోదా?"

ఆమె చిల్లర తీస్తూ ఆగింది. "రాజేంద్ర గారూ, చేతకానివాళ్లని నలుగుర్ని ఓడించినవాళ్లూ, గట్టివాళ్లతో ఆడి రెండు పాయింట్లలో ఓడిపోయినవాళ్లూ ఒకటేనాండీ?"

ఆ ప్రశ్న ఆ రోజంతా మెషీను దగ్గరే తిరిగింది.

సంగతి ఇది. తొమ్మిది జట్లు అందరితో అందరూ ఆడాలంటే ముప్పయ్యారు మ్యాచ్‌లు కావాలి. బస్సు ఛార్జీలకే ఏ కాలేజీ కమిటీకీ చేతులు రావు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఒక్కో జట్టు ఐదో ఆరో ఆడితే గొప్ప. చివర్లో మొదటి నాలుగు జట్లని రాజమండ్రిలో జరిగే పోటీలకి పంపాలి. అక్కడ యూనివర్సిటీ సెలక్టర్లు వచ్చి కూర్చుంటారు. ఆ నాలుగూ ఎవరన్నది ప్రతి ఏడూ గొడవే. కమిటీ వాళ్లు గెలుపులు లెక్కపెట్టి తేల్చేవారు. ఎవరు ఎవరితో ఆడాలో రాసేది కూడా వాళ్లే గనక, తమకి కావలసిన జట్టుకి తేలికైనవాళ్లని రాసుకోవడం పెద్ద విద్యేం కాదు.

ఒకసారి ఆమె కాపీలు మర్చిపోయి వెళ్తే పలివెలలో వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్ల నాన్న చిట్టిబాబుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్లు కొబ్బరి కొట్టులో కాయలు ఏరిన మనిషి. ముందు రెండు డజన్ల కాయలు పోసుకుని ఉన్నారు.

"మా అమ్మాయి లెక్క తెలియాలంటే ముందు ఇది తెలియాలండీ. రండి, కూర్చోండి" అని నా రెండు చేతుల్లో రెండు కాయలు పెట్టారు. "ఏది బరువు?"

"కుడిచేతిలోది."

"పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకున్నారు, మీకేం తెలుస్తుందండీ. మణికట్టు వదిలెయ్యండి. ఇప్పుడు?"

ఎడమచేతిదే బరువు.

"అదండీ. ఒక్క కాయ చేతిలో పెట్టి దీని బరువెంత అంటే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. రెండోది పక్కన పెడితే చిన్నపిల్లాడు చెప్తాడు. ఇది దానికంటే బరువు. అది ఆ మూలదానికంటే బరువు. అయితే ఇదీ, మూలదీ నేను ఎప్పుడూ కలిపి పట్టుకోకపోయినా ఏది పైనో నాకు తెలుసు. రాశంతా అలాగే ఏరతాం."

కుసుమ లోపలినుంచి మజ్జిగ పట్టుకొచ్చింది. "రాజోలూ, రావులపాలెం ఈ ఏడు ఆడలేదండీ. కానీ రాజోలు మలికిపురాన్ని ఆరు పాయింట్లతో ఓడించింది. మలికిపురం రావులపాలేన్ని మూడుతో ఓడించింది. నాన్న కాయలేరినట్టు నేను జట్లేరతాను. అలా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ నాలుగైదుసార్లు తిప్పితే అంకెలు కదలడం మానేస్తాయి. అప్పుడు ఆపేస్తాను."

"మరి సొంత ఊళ్లో ఆడితే కేకలేసేవాళ్లు ఎక్కువ ఉంటారు కదండీ?"

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను సరైన చోటే గుచ్చానని అర్థమైంది.

"దానికి కొసరుందండీ" అన్నారు చిట్టిబాబుగారు. "రాశి రైతు తోటలోనే పోసి లెక్కపెడితే అక్కడ చెయ్యి రైతుది, మనుషులు రైతువాళ్లు. అందుకని రైతు నూటికి నాలుగు కాయలు కొసరు వెయ్యాలి. పరాయి చోట లెక్కపెడితే అక్కర్లేదు. పాత వర్తకుల పద్ధతి. బేరం కుదిరిన రోజునే రాశి ఎక్కడ పోస్తారో పుస్తకంలో రాసేస్తాం. తరవాత వానొచ్చి రాశి ఇంకో చోటికి మార్చినా కొసరు మారదు, పేచీలుండవు."

ఆమె ఆటల గదిలో ఉన్న ఏడేళ్ల స్కోరు షీట్లు ముందేసుకుని చూసిందట. సొంత కోర్టులో ఆడిన జట్టు ఉండాల్సిన దానికంటే సగటున నాలుగు పాయింట్లు ఎక్కువ కొడుతోంది. కాయలకీ నాలుగే, పాయింట్లకీ నాలుగే. కలిసొచ్చింది అంతే అంటుంది ఆమె. అందుకని సొంత కోర్టులో గెలిస్తే తేడాలోంచి నాలుగు తీసేస్తుంది, పరాయి కోర్టులో గెలిస్తే నాలుగు కలుపుతుంది.

2001లో పదకొండు మ్యాచ్‌లకి, ఆటకి ముందే ఎవరు ఎంత తేడాతో గెలుస్తారో చీటీ రాసి నా కొట్టులో కవర్లో పెట్టింది. తొమ్మిదింటిలో గెలిచే జట్టుని సరిగ్గా చెప్పింది. అయిదింటిలో తేడా కూడా ఒకటి రెండు పాయింట్లలోపే వచ్చింది. ఆ కవర్లు నేనే చింపేవాణ్ని. కొట్టు ముందు ఆటోవాళ్లు గుమిగూడేవారు. బాస్కెట్‌బాల్‌లో ఎంతమంది ఆడతారో తెలియని వాళ్లు కూడా, "కుసుమగారూ, శనివారం మనకెంతండీ?" అని అడగడం మొదలుపెట్టారు.

"ఏడు. మాణిక్యం కాలు నొప్పి తగ్గితే తొమ్మిది" అనేది ఆమె నడుస్తూనే.

మాణిక్యం కుసుమ జట్టులో పొడుగమ్మాయి. కొబ్బరి ఒలిచే కూలీ కూతురు. నాయనమ్మ పేరు పెట్టారని దానికి సిగ్గు. జెర్సీ 4 వేసుకునేది. ఆ నంబరు దానికి ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు.

2002 వర్షాకాలంలో పని మీద అమలాపురం వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. అమెరికాలో కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లకి వరస ఇస్తారని ఎక్కడో చదివిన గుర్తు. వెతికితే దొరికింది. మూడొందలకి పైగా జట్లు, కంప్యూటరుతో లెక్క. నీ గెలుపుల వంతు పావు. నీతో ఆడినవాళ్ల గెలుపులు సగం. వాళ్లతో ఆడినవాళ్ల గెలుపులు మిగతా పావు. ఒక కాగితం మీద రాసుకొచ్చి ఆమె ముందు పెట్టాను. ఇది చూసి ఆమె కుంగిపోతుందేమోనని భయంగానే ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. కౌంటరు మీద వేలితో ఏవో లెక్కలు వేసింది. కళ్లు పెద్దవయ్యాయి.

"అయితే వాళ్లూ పక్క కాయని చూస్తారన్నమాట!"

"చూస్తారు."

"పక్క కాయ పక్క కాయని కూడా చూస్తారు." కాగితం ఇంకోసారి చూసి, "ఎంత తేడాతో గెలిచేరో చూడరేంటండీ?"

"చూడరట."

"ఎవరింట్లో ఆడేరో?"

"అదీ లేదు."

"అంత కంప్యూటరు పెట్టుకుని కొసరు మర్చిపోయేరాండీ!" అని పకపకా నవ్వింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. ఆ కాగితం మడిచి రూళ్ల పుస్తకంలో పెట్టుకుంది. ఆ వారమంతా ఆమె నడకే వేరు.

ఆ ఏడు నవంబరు కమిటీ మీటింగులో కామేశ్వరరావుగారు చిత్రమైన మాట అన్నారు. అంతకుముందు ఏడాది నాలుగో జట్టు విషయంలో గొడవై కుర్చీ విరిగింది. ఆయనకి అరవై దాటాయి, తిట్లు తినే ఓపిక తగ్గింది.

"పోనీ నాలుగో స్థానానికి ఆ కొత్తపేట అమ్మాయి లెక్కే పెడదాం. తొమ్మిదిమందీ ఒప్పుకుంటేనే సుమండీ. తప్పయితే తనని తిడతారు."

అందరూ ఒప్పుకున్నారు. ఆమె కాపీలు అప్పటికే అందరి జేబుల్లోనూ ఉండేవి.

డిసెంబరు మొదటి గురువారం ఆమె ఆఖరి వరస ఇచ్చింది. మొదటి మూడు జట్ల గురించి ఎవరికీ పేచీ లేదు. నాలుగోది కొత్తపేట. అయిదోది అమలాపురం, సరిగ్గా ఒక్క పాయింటు తక్కువ. గెలుపులు లెక్కపెడితే అమలాపురానివి నాలుగు, కొత్తపేటవి మూడే. పాత పద్ధతి అయితే అమలాపురం వెళ్లేది. ఆ అమలాపురం జట్టుకి ఫిజికల్ డైరెక్టరు ఎవరనుకున్నారు? యామిని. యూనివర్సిటీకి ఆడి, ట్రైనింగు పూర్తి చేసి, ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది.

నాకైతే పండగే. తొమ్మిదేళ్ల తరవాత లెక్క సరిపోయిందనుకున్నాను. కొట్టు మూసేసి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం పలివెల వెళ్లాను. అప్పటికే జట్టంతా అరుగు మీద ఉంది. మాణిక్యం స్తంభం పట్టుకుని గెంతుతోంది. "రాజమండ్రిలో సెలక్టర్లు నన్ను చూసి పొడుగెంతని అడిగితే అక్కా, కొబ్బరిచెట్టు కన్నా తక్కువే అని చెప్పనా?"

చిట్టిబాబుగారు కళ్లజోడు పెట్టుకుని గోడకి అంటించిన వరస, దాని పక్కన మ్యాచ్‌ల జాబితా చదువుతున్నారు. ఒకచోట వేలు ఆగింది.

"ఏమ్మా, రాజోలు మీద పది పాయింట్ల గెలుపు. ఆడినచోటు రాజోలు అని రాసేవేంటి?"

"అక్కడే కదా నాన్నా ఉంది, ఆగస్టులో."

"ఉండటం అక్కడే ఉంది. వాన పడి వాళ్ల కోర్టు మునిగిపోతే ఇక్కడికే వచ్చేరు కదా. ఆట అయ్యాక ఆ పిల్లలందరికీ ఈ అరుగు మీదే బొండాలు కొట్టి ఇచ్చేను నేను. ఒకమ్మాయి మూడు తాగింది."

కుసుమ చేతిలో పూతరేకు అలాగే ఉండిపోయింది.

ఏం జరిగిందో ఆ ఇంట్లో వాళ్లకి వెంటనే అర్థమైంది, నాకు కాస్త పట్టింది. సీజను మొదట్లో షెడ్యూలు రాగానే ఆమె ఆడేచోటు గడి నింపేసింది, కొట్టులో బేరం రోజునే రాశి చోటు రాసినట్టు. తరవాత మారినా మార్చకపోవడం అక్కడ పద్ధతి. కాయల విషయంలో అది న్యాయం. ఆటలో కాదు. పరాయి కోర్టు అనుకుని పదికి నాలుగు కలిపింది. సొంత కోర్టు గనక నాలుగు తీసెయ్యాలి. ఎనిమిది పాయింట్ల తప్పు. అయిదు మ్యాచ్‌లకి పంచితే ఒకటిన్నర పైన. సరిచేస్తే అమలాపురం అర పాయింటు పైకి వెళ్తుంది.

మొదట మాట్లాడింది నేనే. "ఎవరికీ తెలీదు కదండీ."

"బొండాలు తాగిన పిల్లలకి తెలుసు."

"వాళ్లకి లెక్క తెలీదు. మీకు వాళ్లు చేసిందేంటి? ఎనిమిది గీతలు. ఇప్పుడు మీ చేతికి ఎనిమిది పాయింట్లు వచ్చేయి. ఉంచుకోండి."

మాణిక్యం స్తంభం వదిలేసింది. "అక్కా, మీరు మా జట్టా, వాళ్ల జట్టా?"

"మీ జట్టే."

"పరాయివాళ్లు కూడా ఇంత పని చెయ్యరక్కా." ఇంకో పిల్ల అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది.

కుసుమ పూతరేకు పళ్లెంలో పెట్టి చేతులు తుడుచుకుంది. "ఒసే మాణిక్యం, రాజమండ్రిలో నువ్వు నాలుగు నంబరు వేసుకుని దిగినప్పుడు అది నీ నాలుగే అయ్యుండాలి. నేను గీసిన నాలుగు కాదు. రేపు పొద్దున్న అమలాపురం వెళ్తాను."

ఆ సాయంత్రం ఆ అరుగు మీద ఎవరూ ఏమీ తినలేదు. నేను ఇంటికొచ్చి న్యాయం గురించి చదివిన పుస్తకాలన్నీ తలుచుకుని తిట్టుకున్నాను.

మర్నాడు ఆమెతో పాటు నేనూ బస్సెక్కాను. ఎందుకంటే, దిగేలోగా మనసు మారుస్తానని ఆశ. అంబాజీపేట దాటినా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కమిటీ గదిలో కామేశ్వరరావుగారు, యామిని ఇద్దరూ ఉన్నారు. వరస మీద అభ్యంతరం రాస్తున్నట్టున్నారు, బల్ల మీద తెల్లకాగితం ఉంది.

"ఏమ్మా, ఏం కావాలి?" అన్నారాయన.

కుసుమ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. "షీటులో ఉన్నది జరగలేదండీ" అంది.

ఆయన చెయ్యి కళ్లద్దాల దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన ఏ షీటు అనుకున్నారో నాకు తెలుసు. యామినికీ తెలుసు, తల దించుకుంది.

"ఆగస్టు మ్యాచ్ రాజోల్లో జరగలేదండీ, మా కోర్టులో జరిగింది. నేను తప్పు రాసేను. సరిచేస్తే నాలుగో జట్టు అమలాపురం." కొత్త పేజీ ముందుకి తోసింది. అంకెలు రాత్రే మళ్లీ వేసినట్టుంది, కొట్టివేతలు లేవు.

ఆయన చాలాసేపు ఆ పేజీ చూశారు. "అంటే మీ జట్టుని మీరే తీసెయ్యమంటున్నారా?" జీవితంలో మొదటిసారి ఆమెని మీరు అన్నారు.

"ఆయ్."

యామిని తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టింది. "అర పాయింటు తేడాకి ఏం వెళ్తాం మామయ్యా? మంగళవారం ఆడేద్దాం. గెలిచినవాళ్లు రాజమండ్రి వెళ్తారు. వాళ్ల కోర్టూ వద్దు, మాదీ వద్దు. రాజోల్లో." కుసుమ వైపు తిరిగింది. "స్కోరు షీటు మీరే రాయండి."

"నేను కొత్తపేట మనిషినండీ."

"అందుకే" అంది యామిని.

మంగళవారం మూడున్నరకి రాజోల్లో ఆ కోర్టు చుట్టూ నిలబడటానికి చోటు లేదు. కొత్తపేట నుంచి పదకొండు ఆటోలు వచ్చాయి. అమలాపురం పిల్లలు డప్పు తెచ్చారు. చిట్టిబాబుగారు గోనెసంచి నిండా బొండాలు తెచ్చి రెండు జట్లకీ సమానంగా కొట్టి ఇస్తున్నారు. "ఈసారి ఎవరికెన్ని ఇచ్చేనో, ఎక్కడిచ్చేనో రాసుకోమ్మా!" అని కూతురి మీద కేకేశారు. ఆడేవాళ్లు కూడా నవ్వారు.

స్కోరు బల్ల దగ్గర కుసుమ, పక్కన యామిని. శ్రీరామచంద్రమూర్తిగారు ఆ రోజు కుర్చీలోంచి లేచారు, అది నేను కళ్లారా చూశాను.

ఆట గురించి ఏం చెప్పను? మొదటి సగంలో మేం తొమ్మిది పాయింట్లు వెనక. మూడో క్వార్టరులో సమానం. మా ఆటోవాళ్లకి నియమాలు ఒక్కటీ తెలీదు, అయినా రిఫరీకి అన్నీ నేర్పారు. ఆఖరి నిమిషంలో నలభై అయిదు, నలభై అయిదు. పది సెకన్లుండగా బుట్ట కింద మాణిక్యాన్ని తోసేశారు. రెండు ఫ్రీ త్రోలు. మొదటిది అంచుకి తగిలి బయటికి పోయింది. డప్పు మోగింది. రెండోది వేసేముందు అది మణికట్టు వదిలేసి రెండుసార్లు ఊపింది, చిట్టిబాబుగారు కాయ పట్టుకున్నట్టు. బంతి రింగుని తాకకుండా బుట్టలో పడింది. అమలాపురం పిల్ల వేసిన ఆఖరి బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి, బయటికి దొర్లింది.

ఆ గోలలో నేను బల్ల వైపు చూశాను. కుసుమ నీలం సిరాతో 46 పక్కన 4 అని రాసింది. రాసి, పెన్ను కింద పెట్టి, అప్పుడు ఎగిరి గెంతింది.

"నా లెక్క తప్పిందండోయ్! ఒకటిన్నర పాయింటు తప్పింది!" రూళ్ల పుస్తకం నెత్తి మీద పెట్టుకుని కోర్టు చుట్టూ పరుగెత్తింది. లెక్క తప్పినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పిల్లలు ఆమెని ఎత్తబోయి, అందరూ కలిసి సున్నం గీత మీద పడ్డారు. లేచేసరికి అందరి వీపుల మీదా తెల్ల చారలు.

సంతకం పెట్టడానికి కామేశ్వరరావుగారు వచ్చి జేబులోంచి పెన్ను తీశారు. కుసుమ తన పెన్ను ముందుకి చాపింది. "దీంతో పెట్టండి సార్. నీలం." ఆయన తీసుకున్నారు.

బల్ల సర్దుతుంటే యామిని మెల్లగా అంది. "ఆ రోజు నీవి ఇరవై మూడు కుసుమా. నేను మర్చిపోలేదు."

"ఇరవై రెండు" అంది కుసుమ. "ఒక ఫ్రీ త్రో గీత తొక్కి వేసేను. రిఫరీ చూసుకోలేదు."

యామిని ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కుసుమ కూడా నవ్వింది. "నువ్వు కూడా తొక్కేవులే ఓసారి" అంది. తొమ్మిదేళ్లలో కుసుమ ఆమెని నువ్వు అనడం అదే మొదలు. నేను పక్కనే నిలబడి, ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియక, బొండాం తాగాను.

రాజమండ్రిలో మావాళ్లు మూడో స్థానంలో వచ్చారు. మాణిక్యం యూనివర్సిటీ జట్టుకి ఆడింది. తరవాతి నాలుగేళ్లు ఆ వరస ఇద్దరూ కలిసి వేశారు. కుసుమ లెక్క వేసేది, యామిని కాలేజీ కంప్యూటర్లో టైపు చేసేది. ఆడినచోటు గడి మాత్రం ఆట అయ్యాకే నింపేవారు. కామేశ్వరరావుగారు ఆ గీతల సంగతి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కుసుమ జీతం అప్పటికీ గాలి కొట్టినందుకే. నేను చూసినంతవరకు లోకం అలాగే ఉంది.

ఆమెని ఆఖరిసారి 2007 మే నెలలో అమలాపురం బస్టాండులో చూశాను. నేను కొట్టు మూసేసి, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి విశాఖపట్నం వెళ్తున్నాను. ఆమె చంకలో రెండు కొత్త బంతులు, చేతిలో గాలి పంపు.

"అదేంటండీ, మూసేసేరా? గ్రూప్స్ పరీక్ష రాసేరు కదా?"

"మూడుసార్లు రాసేనండీ. మూడుసార్లూ పోయింది. కొట్టూ పోయింది. మొత్తం మీద నా వరస అట్టడుగే" అన్నాను.

ఆమె బంతులు బెంచీ మీద పెట్టింది. నా వైపు చూసిన చూపు, కాయ చేతిలోకి తీసుకున్నప్పటి చూపే.

"ఎవరితో ఆడేరో రాయకుండా, ఎక్కడ ఆడేరో రాయకుండా, ఓడిపోయేనంటారేంటండీ?"

విశాఖపట్నం బస్సు వచ్చి ఆగింది. సంచి భుజానికి వేసుకుని మెట్టెక్కుతుంటే ఆమె కిందనుంచి కేకేసింది.

"పరాయి కోర్టు కదండీ రాజేంద్ర గారూ! మీకు నాలుగు పాయింట్లు నేను కలిపేనులెండి. మిగతావి కొట్టుకురండి."